ఫలాపేక్షా, పతకమా?

ఫలం మీద ఆశ వదలమన్న గీతాబోధ ఆటగాళ్లకు పనికిరాదని, పతకం కోరనివాళ్లు బరిలోకే దిగరని కొందరి వాదన. అమెరికా బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ జెన్నింగ్స్ కెరీర్ చూస్తే అది సగమే నిజం. మిస్టీ మే-ట్రెనర్‌తో కలిసి 2004, 2008, 2012 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన మనిషికి కోరిక లేదని ఎవరంటారు? కానీ 2016 రియో సెమీఫైనల్లో బ్రెజిల్ జోడీ పదే పదే ఆమె మీదికే సర్వీసులు కొట్టింది. ఒలింపిక్ ఇసుక కోర్టులో ఆమెకు అదే తొలి ఓటమి. సబ్‌స్టిట్యూట్లు లేని ఆట ఇది, తప్పుకునే దారి లేదు. కాంస్య పోరులో తొలి సెట్ పోయినా, రియోలో తన జోడీ అయిన ఏప్రిల్ రాస్‌తో కలిసి 17-21, 21-17, 15-9తో నెగ్గింది. కాంస్యమూ ఫలమే కదా అనొచ్చు. నిజమే. అయితే కోరుకున్న స్వర్ణం చెయ్యిదాటాక కూడా ఎదుటి బంతి మీద అంతే శ్రద్ధ నిలిచిందే, నిష్కామమంటే నా దృష్టిలో అదే. ఆమె నాలుగు పతకాల్లో ఈ వాదనకు సరైన జవాబు ఆ కాంస్యం.