పాతాళభైరవి పునర్జన్మ

సినిమాకు ఆత్మ ఉంటుందా? ఉంటే అది ఇంకో సినిమాగా పుడుతుందా? ఈ ప్రశ్న నాది కాదు, మా అక్క కొడుకుది. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, తీరిక దొరికితే పాత సినిమాలు చూస్తాడు. సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక అందరం వసారాలో చేరితే అన్నాడు: "పిన్నీ, భైరవద్వీపం ఉంది చూశావూ, అది పాతాళభైరవికి స్పిరిచువల్ సక్సెసర్." అదేమిట్రా అంటే, "కథ వేరు, పాత్రలు వేరు, ఆత్మ మాత్రం అదే" అన్నాడు. నేనా, ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు సంస్కృతం చెప్పి రిటైరైనదాన్ని. నా ముందు ఆత్మ మాటెత్తితే ఊరుకుంటానా?

అప్పటికే ఎవరికి నచ్చిన సీను వాళ్లు చెప్పుకోవడం మొదలైంది. మా ఇంట్లో ఆ కబుర్లు ఎక్కడ మొదలైనా మాయాబజార్ దగ్గరికే వస్తాయి. మా మరిదిగారు ఆడిటరు. ఆయనకు సత్యపీఠం సీను ప్రాణం. సి.ఎస్.ఆర్. శకుని దాని మీద కాలుపెట్టి కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంటే ఆయన ముఖంలో వెలుగు చూడాలి. జీవితమంతా ఇతరుల లెక్కల పుస్తకాలు తిరగేసిన మనిషికి అలాంటి పీఠం ఒకటి ఆఫీసులో ఉండి ఉంటే ఎంత బాగుండేదో! ఆ సినిమాలోనే ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వాళ్లకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. (దేవుడికి ప్రియమైనవాడు శకుని కావడం మీద వేరే వ్యాసమే రాయాలి.) నచ్చిన సీను చెప్పమంటే మనిషి ఆ పెట్టె తెరిచి అందరి ముందూ పెట్టినట్టే. అందుకే కొందరు చెప్పడానికి మొహమాటపడతారు.

మా అక్క చెప్పిన సీను దగ్గర మాత్రం నాకు మా వాడు వేసిన ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్లింట్లో తిరుగుతుంటాడు. శరీరం శశిరేఖది, లోపల ఉన్నది రాక్షసుడు. ఆ రెండూ మోసింది సావిత్రి ఒక్కతే. పదిమంది ఎదుట ఒదిగి నిలబడుతుంది, వాళ్లు పక్కకు తిరగ్గానే భుజాలు విరుచుకుని బరువుగా అడుగేస్తుంది. ఆత్మను చూసినవాడు లేడు. అయినా అక్కడ లోపలి మనిషి మారాడని పలకా బలపం పట్టని పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. దేన్నిబట్టి? నడకను బట్టి. వేషాన్ని బట్టి కాదు.

ఈ కొలతతో చూస్తే 1985లో వచ్చిన హిందీ పాతాళ్ భైరవి సంగతి తేలిపోతుంది. పేరు అదే. కథ అదే. తోటమాలి కొడుకు, రాజకుమారి, మాంత్రికుడు, కోరినవి ఇచ్చే దేవి ప్రతిమ, అన్నీ ఉన్నాయి. జితేంద్ర, జయప్రద ఉన్నారు. మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు ఉన్నచోట కాదర్ ఖాన్ ఉన్నాడు. చిరిగిన బట్ట విడిచి కొత్తబట్ట కట్టుకున్నట్టు జీవుడు దేహం మారుస్తాడని గీత రెండో అధ్యాయంలో భగవానుడు చెప్పాడు కదా. ఇక్కడ జరిగింది తలకిందులు. బట్టలు భద్రంగా బొంబాయి చేరాయి, కట్టుకున్నవాడు మద్రాసులోనే ఉండిపోయాడు. రీమేకులన్నీ ఇంతే అనను గానీ, చాలావాటికి ఈ తీర్పు సరిపోతుంది.

మరి భైరవద్వీపం? 1951లో కె.వి. రెడ్డి విజయా వారికి పాతాళభైరవి తీశారు. 1994లో సింగీతం శ్రీనివాసరావు భైరవద్వీపం తీశారు. పాత సినిమా తీయించిన నాగిరెడ్డిగారి అబ్బాయి దీనికి నిర్మాత, అందులో హీరో అయిన రామారావుగారి అబ్బాయి దీనికి హీరో. మా వాడు దీన్నే గట్టి సాక్ష్యంగా చూపించాడు. నాకు అది సాక్ష్యం కాదు. ఇంటిపేరును బట్టి పునర్జన్మ నిర్ణయించే శాస్త్రం ఎక్కడా లేదు. నన్ను ఆపింది ఇంకో సంగతి. సింగీతం కుర్రతనంలో కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. కె.వి. రెడ్డి 1972లో పోయారు. ఇరవై రెండేళ్లకు వచ్చిన ఈ సినిమాలో పాతాళభైరవి కథ లేదు. మాంత్రికుడు ఉన్నా ఆ మాంత్రికుడు కాడు. హీరో అందమంతా పోయి కురూపి అయ్యే ఘట్టం పాత సినిమాలో లేనే లేదు. నడక మాత్రం అదే. అద్భుతాన్ని చూపించేటప్పుడు తొందరపడకపోవడం, మాంత్రికుణ్ణి వెక్కిరించకుండా పూర్తిగా నమ్మి తీయడం, భయం పక్కనే హాస్యాన్ని కూర్చోబెట్టడం.

ఇక్కడ నాకు మిళిందుడు గుర్తొచ్చాడు. ఆ యవన రాజు నాగసేనుడనే బౌద్ధ భిక్షువును ఇదే అడిగాడు: ఇక్కణ్ణుంచి అక్కడికి ఏదీ వెళ్లకుండా పునర్జన్మ ఎలా? నాగసేనుడు ముందు దీపాన్ని చూపించాడు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి జ్వాల లేచి రెండోదానిలోకి వెళ్లిందా? తరవాత అడిగాడు: చిన్నప్పుడు గురువు దగ్గర శ్లోకం నేర్చుకున్నావు కదా మహారాజా, ఆ శ్లోకం ఆయన్ని వదిలి నీలోకి వచ్చిందా? రాలేదన్నాడు రాజు. దీపం అందరికీ తెలుసు, ఈ శ్లోకం మాటే ఎవరూ చెప్పరు. నాకు మటుకు అదే పెద్దది. పాఠం చెప్పి బతికినదాన్ని కాబట్టేమో. గురువు దగ్గర తరిగింది లేదు, శిష్యుడికి అందనిదీ లేదు. రెండూ ఒకటే అనలేం, వేరు అనీ అనలేం. కె.వి. రెడ్డికీ సింగీతానికీ మధ్య జరిగింది ఇదే. రోజూ గీత పారాయణ చేసే నాలాంటి మనిషి బౌద్ధుడి పక్షం మాట్లాడటం మా మరిదిగారికి నచ్చలేదు. మనుషుల సంగతి గీతకే వదిలేస్తానండీ, సినిమాల విషయంలో నాగసేనుడిదే గెలుపు అన్నాను.

"అయితే చూసేవాడికి ఆ చుట్టరికం ఎలా తెలుస్తుంది?" అన్నాడు మా వాడు. దీనికి కాళిదాసు చెప్పాలి. శాకుంతలం ఐదో అంకంలో హంసపదిక పాట వినబడగానే దుష్యంతుడికి కారణం తెలియని బెంగ కలుగుతుంది. శాపం వల్ల శకుంతలను మరిచాడు. ఎవరినీ విడిచి లేనే, ఈ దిగులేమిటి అనుకుంటాడు. జన్మాంతర స్నేహాలేవో మనసుకు తెలియకుండా లోపల కదులుతాయేమో అని సరిపెట్టుకుంటాడు. కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు రసాన్ని వివరిస్తూ ఈ చోటునే పట్టుకున్నాడు. రసం పుట్టేది సహృదయుడిలో ముందే ఉన్న వాసనల వల్ల, అంటే పాత అనుభవాలు మిగిల్చిన ముద్రల వల్ల అన్నాడు. భైరవద్వీపం రిలీజైనప్పుడు హాల్లో మాంత్రికుడి గుహ కనబడగానే నాకూ అలాంటి బెంగే కలిగింది. తెర మీద లేని రంగారావు గడ్డం లోపల ఎక్కడో మెదిలింది.

ఇక్కడే మా వాడు నన్ను ఇరుకున పెట్టాడు. వాడు చిన్నప్పుడు టీవీలో ముందు చూసింది భైరవద్వీపం. పాతాళభైరవి చాలా ఏళ్లకు చూశాడు. చూస్తూ, "ఇది అచ్చం భైరవద్వీపంలా ఉందే" అనుకున్నాడట. వాడి లెక్కలో తండ్రి కొడుకు తరవాత పుట్టాడు. నవ్వాం గానీ, ఆలోచిస్తే అభినవగుప్తుడి మాటకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తీసినవాళ్ల వరస క్యాలెండర్లో ఉంటుంది, రసం వరస చూసేవాడి వాసనల్లో ఉంటుంది. అలాగని అంతా ఊహే అనకూడదు. సింగీతం కూడా ముందు ఒక ప్రేక్షకుడే, ఒక శిష్యుడే. ఆయనలో మిగిలిన వాసన చేతుల్లోకి దిగి పనిచేసింది.

అసలు ఈ లెక్కన మాయాబజార్ దేనికి వారసురాలు? శశిరేఖ అనే పిల్ల వ్యాసభారతంలో లేదు, కవిత్రయంలోనూ లేదు. శశిరేఖా పరిణయం జనం కల్పించుకున్న కథ, సురభి వాళ్లు ఆడిన నాటకం. అయినా భారతమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఘటోత్కచుడు లడ్డూలు మింగే సీనే. పాండవులు ఒక్కసారి కూడా కనబడని సినిమాకు భారతం నడక ఎలా అబ్బిందో రచయిత పింగళిగారికే తెలియాలి.

చివరగా యముడు. కైకాల సత్యనారాయణ యమగోలలో (1977) యముడు, యముడికి మొగుడులో (1988) యముడు, యమలీలలో (1994) యముడు. కథలు మారినా యముడి ఒళ్లు మారలేదు. ఈ వరసకు ముందు రామారావుదే దేవాంతకుడు (1960) ఉంది, దానికి మూలం ఒక బెంగాలీ సినిమా. సినిమా పిచ్చివాళ్లు అక్కడితో ఆగిపోతారు. నేను ఇంకాస్త వెనక్కి వెళ్తాను. బతికుండగానే యముడి ఇంటికి వెళ్లి, మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో కూర్చుని, యముడి చేతే క్షమాపణ చెప్పించుకున్న కుర్రవాడు కఠోపనిషత్తులో నచికేతుడు. ఏనుగులిస్తా, బంగారమిస్తా, ఆ ప్రశ్న మాత్రం వదిలెయ్ అని యముడు బతిమాలితే వదల్లేదు. ఆ ప్రశ్న ఏమిటంటే, ఒళ్లు పోయాక ఇంకేమైనా మిగులుతుందా అని. యమలోకంలో భటుల చేత సమ్మె చేయించిన యమగోల హీరోకూ ఆ మొండితనమే ఉంది. రచయితలు ఉపనిషత్తు చూసి రాశారని నేననను. చూడకుండానే వచ్చిందంటేనే నాకు నమ్మకం ఎక్కువ.

మీకు తీరిక ఉన్నప్పుడు కఠోపనిషత్తు మొదటి వల్లి చదవండి, పొడుగేమీ కాదు. ఆ రాత్రే యమగోల పెట్టుకు చూడండి. ముందు ఉపనిషత్తు, తరవాత సినిమా. మా వాడిలా తలకిందులుగా చూసినా తప్పులేదు.