గురువు కన్నుతో ఒక కొండ

ప్రకృతిని ఫొటో తీయడం నేర్చుకోవాలంటే ముందు ఒక్కరిని ఎంచుకుని, వారి పనిని శ్రద్ధగా అనుకరించాలి. ప్రకృతి ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌నే తీసుకుందాం. 1927 ఏప్రిల్ 10న, అమెరికాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే నిలువు కొండ ఎదుట నిలబడేసరికి ఆయన దగ్గర ఫొటో తీసే గాజు ప్లేట్లు రెండే మిగిలాయి. పసుపు ఫిల్టరుతో ఒకటి తీశారు. ఆ రాతిగోడ తన మనసులో రేపిన గాంభీర్యం అందులోకి రాదని వెంటనే తోచింది. చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టరు బిగించారు. ఎరుపు గాజు నీలి వెలుగును ఆపేస్తుంది కాబట్టి ఆ నలుపు-తెలుపు చిత్రంలో ఆకాశం దాదాపు నల్లబడింది, కొండ ముందుకొచ్చింది. చిత్రాన్ని చూసి మెచ్చుకుని వెళ్ళిపోయేవారికి ఇదంతా అందదు. అలాంటి ఆకాశం తనకూ కావాలని కెమెరా పట్టినవారికే ఆ నలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది.

అనుకరిస్తే సొంత చూపు పోతుందని కొందరి భయం. అందులో నిజం లేకపోలేదు. ఆడమ్స్ నిలబడ్డ చోటే నిలబడి అదే చిత్రం తెచ్చుకుంటే మిగిలేది నకలే. కానీ ఆడమ్స్ కూడా మరొకరి పని చూసే మారారు. 1930లో అమెరికాలోని టావోస్‌లో మరో ఫొటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ నెగటివ్‌లు చూశాక గరుకు కాగితపు ముద్రణలు విడిచి, నునుపు కాగితం మీద నిశితమైన చిత్రాలవైపు మళ్ళారు. స్పష్టత మీద పట్టుదల స్ట్రాండ్‌ది, కొండలు మాత్రం ఆడమ్స్‌వే. ఇక మన పాపికొండల మీద మంచు తెల్లగా కమ్మిన ఉదయం ఎరుపు ఫిల్టరు పెట్టి చూడండి, ఆకాశం నల్లబడదు, ఎందుకంటే అక్కడ ఆపడానికి నీలమే లేదు. ఆ తెలుపును ఏం చేయాలో ఆడమ్స్ చెప్పరు, తీసేవారే తేల్చుకోవాలి.