నొప్పి తగ్గిందని సంతోషపడకు బిడ్డా

నిన్న పొద్దున షిఫ్టు దిగి వచ్చి, మెట్లెక్కుతూ, "పెద్దమ్మా, పన్ను నొప్పి మొత్తం పోయింది" అని నవ్వుతూ చెప్పావు. నాలుగు రోజుల కింద అర్ధరాత్రి తలుపు కొట్టి లవంగాలు అడిగినవాడివి. దవడకు తువ్వాలు కట్టుకుని గేటు దగ్గర అటూ ఇటూ తిరిగినవాడివి. ఆ నొప్పి దానంతట అదే పోయిందంటే నీకు పండగలా ఉంది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. అందుకే పిలిచాను. ఈ గడప మీద కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు.

నొప్పి తగ్గితే పన్ను బాగైనట్టు కాదు బిడ్డా. పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది గానీ, లోపల చిన్న గది ఉంటుంది. ఆ గదిలో నరం, నెత్తురు ఉంటాయి. పైన పెంకు ఉంటుంది చూడు, ఎనామిల్ అంటారు, ఒంట్లో దానికంటే గట్టిది ఇంకోటి లేదు, ఎముక కూడా దాని తర్వాతే. అంత గట్టి పెంకుకు నొప్పి మాత్రం తెలియదు. పురుగు పట్టిందని మనం అంటాం, పురుగేమీ ఉండదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతాయి, అది పెంకును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. నెలల తరబడి కరుగుతున్నా నీకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కింది పొరకు దిగాక చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. గది దాకా చేరాక నిద్ర పట్టదు. ఆ గది గోడలు సాగవు కదా, లోపల వాపు వస్తే ఎటు పోవాలి? అందుకే ఆ పోటు. ఆ పోటు పడీ పడీ ఒకరోజు నరం చచ్చిపోతుంది. అప్పుడు నొప్పి పోతుంది. నువ్వు నాకు చెప్పింది ఆ కబురేనేమోనని నా భయం.

గోల చేసే పిల్లాడు ఉన్నట్టుండి చప్పుడు ఆపేస్తే తల్లి ఊరుకుంటుందా? చేతిలో పని వదిలేసి లేచి వెళ్ళి చూస్తుంది. నువ్వూ అలా వెళ్ళి చూపించుకోవాలి. నరం చచ్చినా సూక్ష్మజీవులు చావవు. వేరు కొస దాకా దిగి, దవడ ఎముకలో చీము చేస్తాయి. నెలో, ఏడాదో ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒక తెల్లారి అద్దంలో చూసుకుంటే బుగ్గ బూరెలా ఉంటుంది.

మీ పెదనాన్నకు ఇలాగే అయింది. నాచారం ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల కొలువు. లీవు పెడితే జీతం కోస్తారని పన్ను నొప్పిని మందుల షాపు దగ్గరే ఆపేసేవాడు. పోటు వస్తే ఒక గోలీ, బుగ్గ వాస్తే నాలుగు గొట్టం గోలీలు. వాపు తగ్గేది, డ్యూటీకి పోయేవాడు. చూశావా, తగ్గింది అనేవాడు, అచ్చం నీలాగే. అప్పుడు నాకూ తెలియలేదు. చచ్చిన పంటిలోకి నెత్తురు పోదు. నెత్తురు పోని చోటికి మందూ పోదు. గొట్టాలు చుట్టూ ఉన్న వాపును తీస్తాయి, లోపలి చీము గూడు అట్లనే ఉంటుంది. యాభై ఏళ్ళు నిండేసరికి ఒకవైపు దవడ పళ్ళు నాలుగు పీకించుకున్నాడు. ఒక పన్ను పోతే ఒకటే కదా అనుకుంటాం. పక్క పన్ను ఆ సందులోకి ఒరుగుతుంది, ఎదుటి పన్ను ఆనేది లేక కిందికి దిగుతుంది, తిండి ఇరుక్కుంటుంది, అవీ పుచ్చిపోతాయి. పక్కింటి గోడ పడిపోతే మన గోడ ఒరిగినట్టే. జొన్న రొట్టె అంటే ప్రాణం ఆయనకు. చివరి ఏళ్ళలో పాలలో నానబెట్టి పెట్టేదాన్ని. వానాకాలం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మక్క బుట్టలు కాలుస్తుంటే, వాసన చూసి ముఖం తిప్పుకుని నడిచేవాడు. ఆ ముఖం నాకింకా కళ్ళ ముందే ఉంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. వాపు దవడ కిందికి, మెడకు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా, తెల్లవారే దాకా ఆగకూడదు. ఆ రాత్రికి ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి. గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు నన్ను లేపు, మొహమాటపడకు.

ఇక నీ అలవాటు సంగతి. నువ్వు మంచి పిల్లాడివే, పళ్ళు తోముకోకుండా ఉండవు. కానీ ఎప్పుడు తోముతున్నావు? పొద్దున ఏడింటికి వస్తావు, టిఫిను తింటావు, చాయ్ తాగుతావు, పడుకుంటావు. మధ్యాహ్నం మూడింటికి లేచి బ్రష్షు పట్టుకుంటావు. అంతా తలకిందులు బిడ్డా. నిద్రలో నోట్లో ఉమ్మి సరిగా ఊరదు. మెలకువలో ఆ ఉమ్మే పళ్ళను కడుగుతుంది, కరిగిన పెంకును కొంత పూడుస్తుంది కూడా. అది తక్కువైన ఆ ఏడెనిమిది గంటలు పాచి రాజ్యమేలుతుంది. లోకానికి రాత్రి ఎప్పుడైనా కానీ, నీ రాత్రి నువ్వు పడుకునే ముందు మొదలవుతుంది. తిన్న తర్వాత ఒక అరగంట ఆగి, రెండు నిమిషాలు తోముకుని, ఆ తర్వాత మంచం ఎక్కు. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏదీ నోట పెట్టకు. లేచాక ఇంకోసారి తోముకో, ఎవరొద్దన్నారు? పడుకునే ముందుది మాత్రం మానకు.

ఆఫీసులో తాగే చాయ్ కూడా లెక్కపెట్టు. పదింటికి ఒకటి, పన్నెండింటికి బిస్కెట్లతో ఒకటి, రెండింటికి, నాలుగింటికి, దిగేటప్పుడు ఇంకోటి. కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకున్నా పది చెంచాలు. రోజుకు పాతిక గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎంత తిన్నావన్నది ఒకటైతే, ఎన్నిసార్లు తిన్నావన్నది పంటికి ఇంకా పెద్ద లెక్క. తీపి తగిలిన ప్రతిసారీ దాదాపు అరగంట సేపు నోట్లో ఆ ఆమ్లం పని చేస్తూనే ఉంటుంది. ఒక్కసారి లడ్డూ తిని నోరు పుక్కిలించినవాడి కంటే, రాత్రంతా గుక్క గుక్క చాయ్ తాగినవాడి పళ్ళకే చేటు ఎక్కువ. చాయ్ మానెయ్యమనను. రెండు సార్లకు తగ్గించు, మధ్యలో నీళ్ళు తాగు.

పేస్టు గురించి నేను చెప్తే నమ్ము, ఎందుకంటే ఫ్లోరైడ్ దెబ్బ తిన్న మనిషిని నేను. మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. మా ఊరి బావి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా పర్వాలేదంటారు. మా వైపు బావుల్లో దానికి ఎన్నో రెట్లు. ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యేటప్పుడే ఆ నీళ్ళు పెంకును పాడు చేస్తాయి. పన్ను బయటికి వచ్చేదే గోధుమ రంగు చారలతో వస్తుంది. మాకది తెలియదు. మురికనుకున్నాం. ఇటుక పొడితో తోమాను, బొగ్గుతో తోమాను, కచ్చికతో తోమాను. చారలు పోలేదు, పెంకు అరిగిపోయి గాలి తగిలినా జివ్వుమనేది. నా పెళ్ళి ఫొటోలో చూడు, కొంగు నోటికి అడ్డం. సిగ్గుపడుతోందని అందరూ మురిసిపోయారు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1970ల్లోనే నల్లగొండ పల్లెలు తిరిగి, పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి రాశారు. ఆ పిల్లల్లో నాతో ఆడుకున్నవాళ్ళున్నారు. పళ్ళతో పోయింది నాకు, అదే అదృష్టం అనుకుంటాను.

అంత పడ్డదాన్ని, అయినా నీకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడమంటున్నాను. మమ్మల్ని చెరిచింది రోజంతా బిందెలకొద్దీ తాగిన నీళ్ళు. బ్రష్షు మీద పెట్టుకుని ఉమ్మేసేది వేరు. పంటి పైన తగిలితే అదే ఫ్లోరైడ్ పెంకును గట్టి చేస్తుంది, ఆమ్లానికి లొంగకుండా చూస్తుంది. పెట్టె మీద చూడు, పది లక్షల పాళ్ళలో వెయ్యి దగ్గర ఉండాలి. శనగ గింజంత చాలు. తోమాక ఉమ్మెయ్, గ్లాసులకొద్దీ నీళ్ళతో కడిగెయ్యకు, ఆ కాస్త మందు పళ్ళ మీద ఉండనీ. ఫోనులో చూసి నల్లటి బొగ్గు పేస్టు తెప్పించావట కదా? బొగ్గు పని నేను చిన్నప్పుడే చేసి చూశాను బిడ్డా. అది పారెయ్.

మల్లాపూర్‌లో మీ అక్కకు కూడా చెప్పు. పిల్లాడికి ఆరేళ్ళు వస్తున్నాయి. పాలపళ్ళన్నిటి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, పెద్ద దవడ పన్ను ఒకటి వస్తుంది. పాలపన్నే అనుకుని, పుచ్చినా ఊడిపోయేదే కదా అని వదిలేస్తారు. అది ఊడదు, జన్మంతా ఉండాల్సిన పన్ను. పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటు వాడి చెల్లెలికి ఉంటే అదీ మాన్పించమను. పిల్లాడికి శనగ గింజంత పేస్టు, మూడేళ్ళ లోపు దానికి బియ్యపు గింజంత, అంతకు మించి వద్దు.

చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందని ఆ వైపు తోమడం మానేశావు. నెత్తురు వచ్చేదే అక్కడ పాచి పేరుకున్నందుకు, మెత్తటి బ్రష్షుతో అక్కడే తోమాలి. గార కడితే బ్రష్షుకు రాదు, డాక్టరు తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయంటారు. గార చిగురును ఎప్పుడో తినేసి ఉంటుంది, గార పట్టి నిలబెట్టిన పన్ను గార తీయగానే కదిలినట్టు తెలుస్తుంది, అంతే. ఇంకోటి, నీ జేబులో ఆ వక్కపొడి ప్యాకెట్టు నేను చూడలేదనుకోకు. పొగాకు లేదని సమర్థించుకోకు, వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని 2004లోనే తేల్చారు. నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూడు. పట్టకపోతే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి.

నీ భయం నాకు తెలుసు. సూది, ఆ మిషను చప్పుడు, బిల్లు. నరం చచ్చిందో లేదో ముందు చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. పన్ను నిలిచేదైతే మత్తు సూది ఇచ్చి, లోపలి చెడంతా తీసి, కడిగి, మూసేస్తారు. అదే రూట్ కెనాల్. ఎన్ని సార్లు రావాలి, పంటి పైన వేసే క్యాప్‌తో కలిపి ఎంత అవుతుంది అని కూర్చోకముందే అడుగు, అడగడం తప్పు కాదు. అసలు భయం నాకు ఇంకోచోట ఉంది. మొదటిసారికే, ఇంకేమైనా నొప్పి మిగిలుంటే, పోతుంది. పోగానే నువ్వు మళ్ళీ "తగ్గింది పెద్దమ్మా" అంటావు, రెండోసారి పోవు, క్యాప్ వేయించుకోవు. ఆ పన్ను గుల్ల, ఒక రోజు పకోడీ కొరికితే నిలువునా చీలుతుంది. అప్పుడు పీకడమే.

డబ్బులకు ఇబ్బంది అయితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. చదువుకునే పిల్లలు గురువుల కళ్ళ ముందు చూస్తారు, పొద్దున్నే పోతే మంచిది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే. నీకు ఈఎస్‌ఐ కార్డు ఉందన్నావు, నాచారం ఆసుపత్రిలో పళ్ళకు ఎప్పుడు చూస్తారో రేపు నేనే కనుక్కుంటా.

బేస్తవారం నీకు సెలవు కదా. తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడతా, నీతో నేనూ వస్తా. ఖాళీ కడుపుతో రాకు, ముందే ఏదైనా తిను. తిన్నాక తోముకుని రా.