వీసా అచ్చింది

"వీసా అచ్చింది." జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఈ రెండు మాటలకు వాడకట్టంతా ఇంటి ముందు పోగవుతుంది. పరిశీలించిన కాగితం అనే అర్థంతో లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి, ఇంగ్లిషుల మీదుగా లోకమంతా తిరిగిన మాట ఇది. చైనా వాళ్లు దాని ధ్వనిని పక్కనపెట్టి 'సంతకం పెట్టిన రుజువు' అనే అర్థంతో తమ మాట కట్టుకున్నారు. మనవాళ్లు ధ్వనిని ఉంచుకుని అర్థాన్ని పెంచారు. ఎంత పెంచారని!

1973 తర్వాత చమురు ధర ఎగిసి, అరబ్బు ఎడారిలో నగరాలు లేచాయి. వాటిని కట్టడానికి పోయినవాళ్ల నోట్లో వీసా అంటే కొలువే. అందుకే దానికి ఇన్ని క్రియలు: వీసా అస్తది, వీసా కొంటరు, వీసా తీస్తరు, వీసా పంపుతరు. అనుమతి ముద్రను ఎవరూ పంపలేరు, బతుకుదెరువును పంపగలరు. అన్న తమ్మునికి వీసా తీసిండంటే ఆ 'తీసుడు'లో ఎన్ని నెలల జీతమో, ఎంతమంది కాళ్లు పట్టుకోవడమో!

ఇక విశేషణాలు. కంపిని వీసా అంటే జీతం మీద కాస్త భరోసా. విజిట్ వీసా అంటే గడువులోపు పని వెతుక్కోవాలనే గుబులు. ఆజాద్ వీసా అయితే ఏ దేశపు చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక కఫీల్ (పూచీ ఉండే యజమాని) పేరు, పని ఇంకెక్కడో, పట్టుబడితే జైలు. అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అని చెప్పే ఖల్లివెల్లిని, కఫీల్‌ను విడిచి కాగితాల్లేక బతికే మనిషికి పేరు చేశారు. బడి మొహం సరిగా చూడనివాళ్లు ఒక్కో మాటలో కార్మిక చట్టమంత వివరం దాచారు. నాకు ఇది మహా పాండిత్యం.

పరాయి మాటను పనికి తగ్గట్టు మలుచుకునే ఈ విద్య సిరిసిల్లకు కొత్త కాదు. భీవండి, షోలాపూర్‌లకు పోయివచ్చిన నేతన్నల ఊరది. బడి పుస్తకం బీమ్ అంటే కిరణమో దూలమో అంటుంది. సాంచెల (మరమగ్గాల) ముందు నిలబడినవాళ్లకు బీము అంటే నిలువు పోగులు చుట్టిన రోలరు; అది లేనిరోజు పని లేదు, కూలి లేదు.

మన నిఘంటువులు ఈ అర్థాలను ఎక్కించుకోవాలి. వీసా అనే మాటకు ఎదురుగా, అనుమతి కంటే ముందు, 'కొలువు' అని అచ్చు వేయాలి. పక్కన కుండలీకరణాల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని ఊళ్ల పేర్లుండాలి.