గడప వెలుపల నిలుచు ప్రేమ

మూలవాక్యములు: సంఖ్యాకాండము 12:15, మార్కు సువార్త 5:37-43



మిర్యాము పాళెము వెలుపల ఏడు దినములు ఉండవలసి వచ్చినప్పుడు ఇశ్రాయేలీయులు చేసినదానిని మనము ఎన్నోసార్లు చదివియు గమనింపక దాటిపోవుదుము. వారు ఆమెను విడిచి సాగిపోలేదు. జాలిచేత గుంపుగా ఆమె యొద్దకు పోనూ లేదు. ఆమె మరల చేర్చబడువరకు ఉన్నచోటనే ఆగిరి. యుద్ధమునకు తగిన పురుషులే 6,03,550 మంది లెక్కింపబడిన ఆ మహా సమూహము, వాగ్దాన దేశమునకు పోవు త్రోవలో, ఒక్క స్త్రీ కొరకు గుడారములు కదల్చలేదు. మిర్యాముకు కలిగినది శిక్ష. మేము ఇక్కడ చెప్పబోవు రోగము అట్టిది కాదు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి ప్రభువు ఇచ్చిన జవాబు (యోహాను 9:3) మనకు చాలును. అయినను ఆ సమాజపు ఓర్పు మనకు పాఠమై యున్నది.

ఈ మాట ఇప్పుడెందుకనగా, ఎముకల మూలుగ మార్పిడి చేయించుకొని ఇల్లు చేరువారు ఈ దినములలో మన పల్లెలలోను ఉన్నారు. రక్త క్యాన్సరు, తలసేమియా వంటి రోగములకు మన తాతల కాలములో ఈ వైద్యము లేదు. అమెరికా వైద్యుడు డానల్ థామస్ 1950ల నుండి దీని కొరకు ప్రయాసపడి 1990లో నోబెల్ బహుమానము పొందెను. మన దేశములో 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలోను, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఇది ఆరంభమాయెను. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒకే మంచముతో మొదలుపెట్టిన వైద్యశాలయే ఆ వేలూరు ఆసుపత్రి. కాట్పాడి స్టేషనులో దిగు రోగులలో మన గుంటూరు, ఒంగోలు ప్రాంతములవారు ఎందరో మీరెరుగుదురు.

ఈ వైద్యము ఎట్టిదో సులువుగా చెప్పుదుము. మూలుగ అనునది రక్తము పుట్టు చోటు. అది చెడినప్పుడు వైద్యులు బలమైన మందులతో, కొందరికి కిరణములతో, ఆ చెడిన మూలుగను తీసివేయుదురు. తరువాత సరిపడిన వేరొకరి మూల కణములను, రక్తము ఎక్కించినట్లే, నరము ద్వారా ఎక్కింతురు. అవి రక్తములో ప్రయాణము చేసి, ఎవరును త్రోవ చూపకుండనే, ఎముకలలోనికి పోయి నిలుచును. రెండు మూడు వారములకు, కొందరికి ఇంకను ఆలస్యముగా, క్రొత్త రక్తము పుట్టుట మొదలగును. తోడబుట్టినవారిలో ఒక్కొక్కరు సరిపడుటకు నాలుగింట ఒక వంతు అవకాశము గలదు. అన్న రక్తము ఒక గుంపు, చెల్లెలిది వేరొక గుంపు అయినచో, ఆమె మూలుగ పొందిన అన్న రక్తము కొన్ని నెలలకు చెల్లెలి గుంపునకే మారును. మన దేహములను నిర్మించిన దేవుని కార్యములు ఎంత ఆశ్చర్యమైనవి!

అయితే సంఘస్థులారా, ఆసుపత్రి విడిచి ఇల్లు చేరుటతో పోరాటము ముగియదు. మొదటి 100 దినములు మిక్కిలి జాగ్రత్త గలవి. రోగములతో పోరాడు శక్తి మరల నిండుటకు ఒక సంవత్సరము, కొందరికి అంతకంటె ఎక్కువ పట్టును. చిన్ననాడు వేయించుకొన్న టీకాల బలము కూడ పోవును గనుక, వైద్యులు చెప్పిన కాలమందు వాటిని తిరిగి వేయింపవలెను. అట్టివాడు పెద్దవాడైనను, ఈ విషయములో పసిబిడ్డవంటివాడే.

ఇక్కడనే మనకు చిక్కు వచ్చుచున్నది. బిడ్డ ఆసుపత్రి నుండి వచ్చెనని వినగానే పల్లె అంతయు వాకిట నిండును. పెద్దమ్మ బుగ్గలు నిమురును, మేనత్త కౌగిలించుకొనును, కూడికవారు తలమీద చేతులుంచి ప్రార్థించెదమందురు. తల్లి గడపలో నిలిచి, "లోనికి రావద్దు వదినా" అనినచో ఆ మాట గుండెలో గుచ్చుకొనును. ఎందుకు గుచ్చుకొనునో మేమెరుగుదుము. మన పితరులను ఊరి బావి యొద్ద దూరముగా నిలువబెట్టిరి. దోసిలి పట్టించి పైనుండి నీళ్లు పోసిరి. ఆ అవమానము మన ఎముకలలో ఇంకను ఉన్నది. కాబట్టి "దూరముగా ఉండుడి" అను మాట ఎవరు పలికినను మనకు పాతగాయము రేగును.

అయితే ఈ రెండు దూరములను వేరుపరచి చూడుడి. ఆ దూరము బలవంతుని గర్వమును కాపాడుటకు పెట్టినది. ఈ దూరము బలహీనుని ప్రాణమును కాపాడుటకు పెట్టినది. అక్కడ దూరముగా నిలిచినవాడు తక్కువవాడని చెప్పిరి. ఇక్కడ దూరముగా నిలిచినవాడు ప్రేమించువాడు. ఆ బిడ్డ వలన మనకు ఏ రోగమును అంటదు. మన వలన ఆ బిడ్డకు అంటునేమో అనునదే భయము.

"ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను గదా" అని మీరు అడుగవచ్చును. నిజమే. ఆయన చేతిలో స్వస్థత ఉండెను. మన చేతిలో జలుబు, దగ్గు ఉండవచ్చును. ఆ ప్రభువే యాయీరు ఇంట ఏమి చేసెనో చూడుడి. ఏడ్చుచున్నవారినందరిని బయటికి పంపివేసెను. పండ్రెండేండ్ల ఆ చిన్నదాని గదిలోనికి తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే తీసికొనిపోయెను. ఆమె లేచిన తరువాత, ఆమెకు తినుటకు ఏమైన పెట్టుడని చెప్పెను. మరణమును జయించినవాడు ఆ ఇంటిలో జనమును తగ్గించెను, ఆ బిడ్డ ఆకలిని తలచెను. ఇట్టి చిన్న సంగతులు విశ్వాసమునకు విరోధమైనవి కావు.

మన పల్లెలలో ఈ చిన్న సంగతులేవనగా: అట్టివారి ఇంటి ప్రక్క మిరప కల్లము ఎండబెట్టకుడి, తొడిమలు తీయు పని అక్కడ పెట్టకుడి. పత్తి వారి వసారాలో పోయకుడి. గడ్డివామి, గొడ్లచావిడి, తడిసిన ధాన్యము వీటిలో బూజు ఉండును. ఆ దుమ్ము వారి ఊపిరితిత్తులకు హాని. చేనిలో మందు కొట్టివచ్చినవారు స్నానము చేయక ఆ వాకిట నిలువవద్దు. మీరు వండి పంపదలచినచో తల్లిని అడిగి, అప్పుడే వండినది వేడివేడిగా పంపుడి. నిలువయున్న కూర, కోసిన పండ్లు వద్దు. 100.4 డిగ్రీల జ్వరము కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు; చికిత్స చేసిన వైద్యులకు వెంటనే తెలిపి, వారు చెప్పిన ఆసుపత్రికి ఆ రాత్రియే పోవలెను. దద్దుర్లు, విరేచనములు, కన్నులు పచ్చబడుట కనబడినను దాచరాదు. ఇచ్చినవారి కణములు పుచ్చుకొన్నవారి దేహముతో పోరాడుటవలన అట్లు జరుగవచ్చును. ఆ పోరును అణచుటకే వైద్యులు గంట తప్పక మ్రింగు మాత్రలిత్తురు. "ప్రార్థించితిమి, ఇక మాత్రలు చాలించుము" అని ఎవరైన చెప్పినచో ఆ మాట వినకుడి. ఆ మాటవలన ప్రాణము పోవచ్చును.

కృతజ్ఞతా కూడికను వైద్యుల అనుమతి వచ్చువరకు వాయిదా వేసికొందము. ప్రభువు బల్ల కొరకు వారు తహతహలాడినయెడల, వైద్యులనడిగి, కాపరి ఒక్కడే చేతులు కడుగుకొని, ముఖమునకు గుడ్డ కట్టుకొని, వేరు గిన్నెతో పోవును. ఉమ్మడి గిన్నె లేకపోయినను బల్ల ఒక్కటే.

ఇక కుటుంబమును గూర్చి ఒక మాట. బిడ్డ ప్రక్క కనిపెట్టుకొనియుండు తల్లి మిరపకోతకు పోలేదు. ఆమె కూలి పోవును. తండ్రి కౌలుచేను వేలూరు ప్రయాణముల మధ్య కలుపు పట్టును. మూలుగ ఇచ్చిన చెల్లెలిని ఎవరును పలుకరింపరు. ఆమె ఇచ్చిన మూలుగ కొద్ది వారములలో తిరిగి నిండును, భయము లేదు. గాని ఆమె మనస్సు కూడ నింపబడవలసియున్నది. కాబట్టి లోనికి పోలేని మనము చేయదగిన పని చాల యున్నది. స్త్రీల సమాజమువారు ఒక దినము వారి పత్తి తీయవచ్చును. యౌవనులు రక్తదానమునకు పోవచ్చును. మిగిలిన పిల్లలకు ఒక పూట అన్నము, బడి ఫీజు, రైలు ఖర్చు, ఇవి గడప దాటకుండనే చేరు ప్రేమ.

కిటికీలోనుండి వీధిని చూచుచున్న బిడ్డా, నీకును ఒక మాట. యెహెజ్కేలు చూచిన లోయలో ఎముకలు ఒక్కసారిగా నిలువలేదు. మొదట ఎముక ఎముకను చేరెను, తరువాత నరములు, మాంసము, చర్మము. ఊపిరి కడపట వచ్చెను. నేడు గుమ్మము వరకు నడిచి అలసిపోయితివా? రెండు ముద్దలే మ్రింగితివా? అదియు దేవుని పనిలోని ఒక మెట్టే. మేము నిన్ను విడిచి సాగిపోము. నీవు వచ్చి మాతో కూర్చుండువరకు గుడిలో నీ చోటు ఉంచుదుము.

ప్రార్థన: మా ఎముకలను ఎరిగిన తండ్రీ, ఇంట కోలుకొనుచున్నవారికి దినదినము బలమిమ్ము. కాయుచున్న తల్లులకు నిద్రనిమ్ము. ఇట్టి చికిత్స పొందియు ఇల్లు చేరనివారి కుటుంబములను ఆదరించుము. దగ్గరకు పోవలసినప్పుడు పోవుటకును, ఆగవలసినప్పుడు ఆగుటకును మాకు జ్ఞానమునిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.