విద్యార్థి – ఆత్మసంయమము

లెక్క యొక్కటే, ఉపాధ్యాయుడొక్కడే, బోధించిన విధానమొక్కటే. అయినను ఒక విద్యార్థి దానిని సాధించును. మరియొకడు సగములో విడిచి, "నా బుద్ధి యింతే" యని కుమిలిపోవును. ఈ భేదమునకు బుద్ధిబల మొక్కటే కారణమా?

భగవద్గీతలో ఆఱవ అధ్యాయమునకు ఆత్మసంయమయోగమని పేరు. మనస్సు గాలివలె పట్టశక్యము కానిదని అర్జునుడు మొఱపెట్టగా, శ్రీకృష్ణపరమాత్మ ఆ మాటను కాదనలేదు. అభ్యాస వైరాగ్యములచే దానిని వశపరచుకొనవచ్చునని మార్గము చూపెను. యోగికి చెప్పిన ఈ మార్గము విద్యార్థికిని వర్తించును. ప్రశ్నను నిదానముగా చదివి, ఇచ్చినదేదో కనుగొనవలసినదేదో వేరుపరచి, దారి తప్పినచోట ఆగి సరిచూచుకొనుట అభ్యాసము. తొందరపాటును, మార్కులపై బెంగను, తన తప్పు నొప్పుకొననీయని అభిమానమును వీడుట వైరాగ్యము. హంగరీ దేశమున జన్మించిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో ప్రకటించిన గ్రంథములో సమస్యాసాధనకు నాలుగు మెట్లు నిరూపించెను: అర్థము చేసికొనుట, ఉపాయము నాలోచించుట, ఆచరించుట, వెనుదిరిగి పరిశీలించుట. జవాబు రాగానే పలక మూసివేయు బాలుడు కడపటి మెట్టును విడిచినవాడే.

ఇట్టి నియమము నలవరచుటకే మన పూర్వులు గురుకులవాసమును విధించిరి. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, 1971లో, నాటి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాల వెలసినది. గురుకులమున నిద్ర లేచుటకు గంట, చదువుటకు గంట, భోజనమునకు గంట. గంట వెలుపలి నియమము. అది లోపలి నియమముగా మారిననాడే ఆ వాసము ఫలించును. పరీక్షలో చిక్కు ప్రశ్న యెదురైనప్పుడు ఏ గంటయు మ్రోగదు గదా!

ఇచట నొక ధర్మసందేహము కలదు. పాలమూరు సీమలో వానలు కరవై తల్లిదండ్రులు వలసపోగా, అవ్వ చెంత పెరిగిన పిల్లలెందరో. నీళ్లు మోసి, తమ్ముని లాలించి బడికి వచ్చిన బాలునితో "నీకు నిగ్రహము లేదు" అనుట న్యాయమా? కానేకాదు. కడుపునకు అన్నము, చదువుకొన దీపము, కొంత ప్రశాంతత సమకూర్చుట పెద్దల ధర్మము. లభించిన ఆ కొద్దికాలమును వ్యర్థము చేయకుండుట బాలుని ధర్మము. ఒకదానిని చూపి రెండవదానిని తప్పించుకొనరాదు.

పరీక్షల వేళ బిడ్డలను వెంటబెట్టుకొని యాదగిరిగుట్టకు, మన్యంకొండకు వచ్చు తల్లిదండ్రులు మంచి మార్కులకై మ్రొక్కుట సహజము. తన తప్పును తానే చూచి దిద్దుకొను ఓర్పును గూడ బిడ్డకు ప్రసాదింపుమని స్వామిని వేడుకొందురు గాక! మార్కులు ఒక యేటితో ముగియును. ఆ ఓర్పు జీవితాంతము తోడుండును.