త్రియేక దేవుడు: గోదావరి తీరపు క్రైస్తవంలో ఒక వాదం

దేవుడు ఒక్కడే అన్న మాటలో క్రైస్తవులకు పేచీ లేదు. ఆ ఒక్క దేవుడితో యేసుకున్న సంబంధం ఏమిటన్న దగ్గరే దారులు చీలాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులైనా దైవత్వం ఒక్కటేనని త్రిత్వవాదులు నమ్ముతారు. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని 325లో నైసియా సభ తీర్మానించింది. తండ్రి మాత్రమే దేవుడనీ, యేసు ఆయన పంపినవాడనీ ఏకత్వవాదులు అంటారు.

గోదావరి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరంలో 1845లో జర్మన్ మిషనరీ వాలెట్ లూథరన్ పని మొదలుపెట్టాడు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో మొదటి అంశం త్రిత్వమే. దానికి ఎదురు వాదన బెంగాల్ మీదుగా వచ్చింది. రామమోహన్ రాయ్ 1820లో యేసు నీతిబోధలను మాత్రమే ఏర్చి పుస్తకంగా వేశాడు. శ్రీరాంపురం మిషనరీ జాషువా మార్ష్‌మన్ దాన్ని గట్టిగా ఖండించాడు. రాయ్‌తో కలిసి సువార్తల అనువాదానికి కూర్చున్న బాప్టిస్టు మిషనరీ విలియం ఆడమ్ 1821 నాటికి తానే ఏకత్వవాది అయ్యాడు. రాయ్ 1828లో స్థాపించిన బ్రహ్మసమాజం భావాలనే తర్వాత రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ప్రచారం చేశాడు.

ఇప్పటి తెలుగు సంఘాల్లో ఈ వాదం ఎక్కువగా బాప్తిస్మం దగ్గర వినిపిస్తుంది. నడుములోతు నీళ్లలో నిలబడి పాస్టరు ఏ నామం పలకాలి? మత్తయి 28:19 ప్రకారం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమా, అపొస్తలుల కార్యములు 2:38 ప్రకారం యేసు నామమా? యేసు నామమే చాలనే పెంతెకొస్తు శాఖవారు త్రిత్వాన్ని ఒప్పుకోరు, అలాగని యేసును తక్కువా చేయరు, తండ్రీ ఆయనేనంటారు. యెహోవాసాక్షులు ఇందుకు పూర్తిగా అవతలి ఒడ్డు: వారికి యేసు సృష్టింపబడినవాడు, ప్రార్థన యెహోవాకే.

గెత్సేమనే తోటలో యేసు తండ్రిని వేడుకున్న ఘట్టం ఈ వాదాలన్నిటికీ గీటురాయి. తండ్రీ కుమారుడూ ఒకే వ్యక్తి అయితే ఆ రాత్రి ఎవరు ఎవరికి మొరపెట్టినట్టు? యేసు నామమే చాలనే పెంతెకొస్తు శాఖ దీనికి దైవస్వభావం, మానవస్వభావం అన్న తేడాతో జవాబిస్తుంది, కానీ ఆ జవాబు ప్రార్థనలోని వేదనను చిన్నబుచ్చుతుంది. ఏకత్వవాదికి ఈ ఘట్టం బలం; అతనికి అడ్డొచ్చేది, పునరుత్థానం తర్వాత తోమా యేసును దేవా అని పిలిచిన యోహాను 20:28. త్రిత్వ సిద్ధాంతం అర్థం కావడం కష్టమే. అయినా ఈ రెండు ఘట్టాల్లో దేన్నీ వదులుకోకుండా చెప్పగలిగినది అదొక్కటే.